పెరటి వంగకు కొట్టని మందు తోటకెందుకు?

ప్రశ్న: మాది గజ్వేల్ దగ్గర పల్లె. ఎకరం వంగ, అర ఎకరం టమాట వేస్తాం. కాయలు వంటిమామిడి మార్కెట్‌కు పోతాయి. సేద్యం మామయ్య, మా ఆయన చూసుకుంటారు. కోత పని నాది, అత్తమ్మది. వంగ కాతకొచ్చిన దగ్గర్నుంచి నాలుగైదు రోజులకోసారి మందు కొడుతూనే ఉన్నారు, అయినా పుచ్చులు తగ్గడం లేదు. కొట్టిన మర్నాడే కోతకు దిగితే నా చేతులు మండుతున్నాయి, తల తిరుగుతోంది. మూడేళ్ల బాబు కూడా నా వెంటే తోటలో తిరుగుతాడు. బావి దగ్గర ఇంటి కోసం నాలుగు వంగ చెట్లు ఉన్నాయి. వాటి మీద మాత్రం మామయ్య చుక్క మందు పడనివ్వడు. "పుచ్చు కోసేసి వండుకోండి" అంటాడు. తోటలో కూడా వేప కషాయం, పురుగుల్ని పట్టే బుట్టలు పెట్టి చూద్దామంటే "అవి మీటింగుల్లో చెప్పే మాటలు" అని కొట్టిపారేస్తున్నాడు. ఫిబ్రవరిలో పెట్టిన వంగతోట పోయిన వారమే పీకేశాం. ఆ కట్టె నీళ్ల పొయ్యిలోకి పనికొస్తుందని పెరట్లో పేర్చాం. ఇంకో రెండు వారాల్లో కొత్త నారు నాటాలి. ఈసారైనా మామయ్య మనసు మార్చడం ఎట్లా?
— ఒక కోడలు, సిద్దిపేట జిల్లా

సమాధానం: అమ్మా, మీరు మామయ్య మనసు గురించి అడిగారు. దానికంటే ముందు మీ చేతుల గురించి మాట్లాడాలి. మందు కొట్టిన మర్నాడు చేతులు మండటం, తల తిరగటం ఎండకు వచ్చిన నీరసమని సరిపెట్టుకునే సంగతి కాదు. ఈ వారమే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. ఏ మందు కొట్టారో ఆ డబ్బాతో వచ్చిన కాగితం వెంట తీసుకెళ్లండి, డాక్టరు అడిగే మొదటి సంగతి అదే. కోతకు దిగినప్పుడల్లా నిండు చేతుల చొక్కా, గ్లౌజులు వేసుకోండి. మీ ఆయన మందు కొట్టిన బట్టలు ఇంటి బట్టల్లో కలపకుండా విడిగా ఉతకండి. తోట నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బాబును ఎత్తుకోండి. అసలు వాడిని తోటలోకే తీసుకెళ్లొద్దు. ఆకులు పట్టుకున్న చెయ్యి వెంటనే నోట్లో పెట్టుకునే వయసది. ఈ ఒక్క విషయంలో మామయ్యను బతిమాలాల్సిన పని లేదు, గట్టిగానే చెప్పండి. ఇంటివాళ్ల కోసం నాలుగు చెట్లను కాపాడుకుంటున్న మనిషి మనవడి సంగతి అర్థం చేసుకోకపోడు.

డబ్బాతో వచ్చే ఆ కాగితంలోనే చాలామంది చదవని మాట ఒకటి ఉంటుంది. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కాయ కొయ్యాలో అందులో రాసి ఉంటుంది. కొన్ని మందులకు 3 రోజులు, కొన్నింటికి 3 వారాలు. వంగ నాలుగైదు రోజులకోసారి కోతకు వస్తుంది కాబట్టి, మూడు వారాలు ఆగాల్సిన మందు కాత మీదున్న తోటకు పనికిరాదు. మీ ఆయనతో ఈసారి దుకాణంలో రెండే రెండు మాటలు అడిగించండి: ఈ మందుకు వంగ మీద అనుమతి ఉందా, కొట్టాక ఎన్ని రోజులు ఆగాలి? మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడొద్దని 2005లోనే నిషేధించారు. అలాంటిది ఇంట్లో మిగిలి ఉంటే తోట వైపు పోనివ్వకండి. డబ్బా మీద రంగు గుర్తు కూడా చూసుకోండి. ఎరుపైతే అన్నిటికంటే ఎక్కువ విషం, ఆ తర్వాత పసుపు, నీలం, చివరికి ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంటే సేంద్రియమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మిగతావాటి కంటే విషం తక్కువని మాత్రమే దానికి అర్థం.

ఇక మామయ్య సంగతి. మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది ఆ నాలుగు చెట్ల మాట. మందు మంచిది కాదని ఆయనకు తెలియదనుకుంటే పొరపాటు. మీకంటే, నాకంటే ముందు నుంచే తెలుసు. కూరగాయలు పండించే చాలా ఇళ్లలో ఇలాగే ఇంటికి వేరే మడి, అమ్మకానికి వేరే తోట ఉంటాయి. పట్నంలో ఈ మాట విన్నవాళ్లు రైతుకు జాలి లేదంటారు. నేను అలా అనలేను. ఇంట్లో మీరు పుచ్చు కోసేసి మిగతా ముక్క కూరలో వేసుకుంటారు. మార్కెట్లో అది కుదరదు. సంచి విప్పగానే పైన నాలుగు కాయలకు చిల్లులు కనపడితే సంచి మొత్తం రేటు పడిపోతుంది. కొనేవాళ్లం మేమూ అంతే, కాయను అటూ ఇటూ తిప్పి చూసి నిగనిగలాడేదే ఏరుకుంటాం. మామయ్యకు పురుగంటే ఎంత భయమో, ఆ ఏరుకునే చేతులన్నా అంతే భయం.

దానికి తోడు మందుల దుకాణం ఒకటి. చేతిలో పైసా లేని రోజున కూడా ఉద్దెరకు సరుకిచ్చేది ఆ దుకాణమే. పొద్దున్నే ఆకు తెంపుకుని వెళ్లి చూపిస్తే అప్పటికప్పుడు ఏదో ఒక సీసా చేతిలో పెట్టేదీ అక్కడే. బాకీ ఉన్న చోట చెప్పిన మందును వద్దనడం అంత సులువు కాదు.

మందులు తగ్గించమని రైతులకు చెప్పే ఈ పని నేను మొదలుపెట్టిన కొత్తలో నేల పాడవుతుందని, జబ్బులొస్తాయని మీటింగుల్లో గంటల తరబడి చెప్పేదాన్ని. అందరూ తలలూపేవాళ్లు. సాయంత్రానికి పంపులు భుజానికెక్కేవి. ఒకరోజు మీటింగ్ అయిపోయాక ఒక పెద్దాయన పక్కకు పిలిచి, "నువ్వు చెప్పిందేదీ అబద్ధం కాదమ్మా. కానీ కషాయం కొట్టి పడుకుంటే నాకు నిద్ర పట్టదు, మందు కొడితే పడుతుంది" అన్నాడు. రైతు దేనికి డబ్బు పెడుతున్నాడో ఆ రోజు అర్థమైంది. అప్పు తెచ్చి పెట్టిన తోట, రేపటి కోత, మార్కెట్లో రేటు, వీటన్నిటి టెన్షన్‌లో ఉన్న మనిషికి ఆ ఒక్క రాత్రి ధైర్యం ఇస్తున్నది ఆ డబ్బా. అంతకంటే గట్టి ధైర్యం మనం చూపించకుండా విషం, విషం అంటుంటే ఆయనకు చెవికెక్కదు.

అయితే ఆ డబ్బా ఇచ్చే ధైర్యం ఉత్తదే. అది మాత్రం కళ్లారా చూపించవచ్చు. వంగలో మీకు నష్టం చేస్తున్నది మొవ్వను, కాయను తొలిచే పురుగు. దీని తల్లి తెల్లటి రెక్కల పురుగు, రెక్కల మీద గోధుమ రంగు మచ్చలుంటాయి. పగలు ఆకుల చాటున దాక్కుని రాత్రిపూట లేత ఆకుల అడుగున, మొగ్గల మీద, కాయ ముచ్చిక దగ్గర గుడ్లు పెడుతుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో గుడ్డు పగులుతుంది. పిల్ల పురుగు బయట తిరిగేది కొద్ది గంటలే. లేత మొవ్వ దొరికితే మొవ్వలోకి, కాయ దొరికితే కాయలోకి దూరి, దూరిన చిల్లిని తన పెంటతోనే మూసేస్తుంది. అక్కడి నుంచి సుమారు రెండు వారాలు అది బయటికి రాదు. మీ ఆయన పంపు నిండా పోసి కొట్టిన మందంతా కాయ తోలు మీద పడుతుంది, లోపలున్న పురుగుకు తగలదు.

ముందురోజే మందు కొట్టిన తోటలో ఒకసారి ఆ రైతు ముందే చిల్లి పడిన కాయను నిలువునా కోశాను. ముచ్చిక కింద ఆవగింజంత మచ్చ, అక్కణ్నుంచి గుజ్జులోకి వంకరగా గోధుమ రంగు దారి, ఆ దారి నిండా తడిసిన రంపపు పొట్టులాంటి పెంట. చివర్లో గులాబీ రంగు పురుగు, చిటికెన వేలి గోరు కంటే కాస్త పొడుగు. వెలుతురు తగలగానే తల అటూ ఇటూ ఆడించింది. ఆ రైతు ఏమీ అనలేదు. నా చేతిలో కత్తి తీసుకుని ఇంకో నాలుగు కాయలు తనే కోశాడు. మూడింట్లో పురుగులు కదులుతున్నాయి. నేను ఏడాది పొడుగునా చెప్పిన దానికంటే ఆ నాలుగు కాయలు ఎక్కువ చెప్పాయి. మీ దగ్గర ఇప్పుడు తోట లేదు కాబట్టి, పక్క తోటలో మందు కొట్టిన మర్నాడు నాలుగు పుచ్చు కాయలు అడిగి తెచ్చి మామయ్య ముందు పెట్టండి. గ్లౌజులు వేసుకునే పట్టుకోండి. కోసింది చూపించి ఊరుకోండి, "చూశారా, నేను చెప్పలే" అనే మాట మాత్రం నోట్లోంచి రానివ్వకండి.

పురుగు లోపల క్షేమంగా ఉంటే, బయట తిరిగే అక్షింతల పురుగులు, సాలీళ్లు, పురుగుల్ని పట్టి చంపే చిన్న చిన్న కందిరీగలు మందుకు ముందు చస్తాయి. అవి పోయాక తెల్లదోమ, ఎర్రనల్లి ఎగబడతాయి. మళ్లీ వాటికి ఇంకో మందు. బంగ్లాదేశ్‌లో జెస్సోర్ వైపు వంగ రైతులు ఒక్క సీజన్‌లో 140 సార్ల దాకా మందు కొట్టినట్టు పరిశోధకులు నమోదు చేశారు. అన్నిసార్లు కొట్టిన చోట కూడా ఈ పురుగు పోలేదు.

ఇప్పుడు మీరడిగిన దానికి వస్తాను. మామయ్య మనసు మార్చాలని కూర్చోకండి. ఆయన్ను పది గుంటలు అడగండి. "మామయ్యా, ఎకరంలో పది గుంటలు నాకు వదలండి, మిగతా ముప్పై మీ ఇష్టం. వరసగా రెండు కోతల్లో మీ వైపు కంటే నా వైపు పుచ్చు బాగా ఎక్కువొస్తే అప్పుడు మీరే వచ్చి మందు కొట్టండి, నేను అడ్డు చెప్పను" అనండి. ఎక్కువంటే ఎంతో అంకె ముందే అనుకోండి, తర్వాత మాటా మాటా రాకుండా ఉంటుంది. ఈ ఒప్పందంలో ఆయనకు పోయేది తక్కువ, తోట చెయ్యి దాటిపోతుందన్న భయమూ ఉండదు. మిగతా ముప్పై గుంటలకు మందు ఖర్చు ఎంతవుతుందో రాసుకుంటూ, పది గుంటల వంతుకు వచ్చే డబ్బు ఇంట్లో ఒక డబ్బాలో వేస్తూ పోండి. కాయ కాస్త తగ్గినా ఆ డబ్బు ఆసరా అవుతుంది. ప్రతి కోతకు రెండు వైపులా మంచి కాయ ఎన్ని కిలోలు, పుచ్చు ఎన్ని కిలోలు అని నోట్‌బుక్‌లో రాయండి. కోతకు వెళ్లేది మీరూ అత్తమ్మే కాబట్టి ఈ లెక్క మీ ఇద్దరి కంటే బాగా ఎవరూ రాయలేరు. పది గుంటలు తీసుకునేటప్పుడు గాలి ఎటు నుంచి వీస్తుందో చూసుకుని ఆ వైపు కొస తీసుకోండి, లేకపోతే పక్కన కొట్టిన మందంతా మీ సాళ్ల మీదికే వస్తుంది.

అందులో చెయ్యాల్సిన పనుల్లో మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది, మొవ్వలు తుంచడం. నాటిన మూడు వారాల నుంచి వారానికోసారి సాళ్ల వెంట నడవండి. నిటారుగా ఉండాల్సిన చిగురు తల వాల్చేసి ఉంటే లోపల పురుగు ఉన్నట్టే. చిల్లికి అంగుళం కిందికి కోసేయండి. కోసిన చోట ఇంకా బొర్ర కనపడితే పురుగు కిందికి దిగిందని, ఇంకాస్త కిందికి కొయ్యాలి. తుంచిన మొవ్వలు అక్కడే పారేయకుండా సంచిలో వేసుకోవాలి. "తలలు తుంచితే కాయ ఎక్కడ కాస్తుంది" అని మామయ్య అడుగుతాడు. వాలిన మొవ్వ ఎలాగూ కాయదు, తుంచితే పక్క నుంచి కొత్త కొమ్మ వస్తుంది. ఈ పని మాత్రం పది గుంటల్లోనే కాదు, ఎకరమంతా చెయ్యండి. మందు కొట్టే వైపు కొట్టిన వెంటనే దిగకుండా, మళ్లీ కొట్టబోయే ముందు రోజున నడవండి.

రెండోది పుచ్చు కాయలు. చాలా తోటల్లో నేను చూసేదేమిటంటే, కాయలు ఏరి పుచ్చులన్నీ గట్టు మీద కుప్ప పోస్తారు. లోపలి పురుగు పెద్దదై బయటికొచ్చి, రాలిన ఆకుల్లో గూడు కట్టుకుని, వారం పది రోజుల్లో రెక్కల పురుగై మళ్లీ అదే తోట మీద గుడ్లు పెడుతుంది. ఒక్క కాయ కూడా గట్టు మీద వదలకండి. ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి నాలుగు రోజులు ఎండలో పడేయండి, లేదంటే లోతుగా గుంట తీసి పూడ్చండి.

లింగాకర్షక బుట్టల గురించి, అంటే ఆడ పురుగు వాసన లాంటి ఎర పెట్టి పురుగుల్ని రప్పించే బుట్టల గురించి ఉన్నమాట చెప్పాలి. వాటిలో పడేది మగ పురుగులే. ఎకరానికి నాలుగైదు పెడితే రెక్కల పురుగు వచ్చిందా లేదా తెలుస్తుంది, అంతే. పురుగును నిజంగా తగ్గించాలంటే ఎకరానికి 40 దాకా పెట్టాలి, చుట్టుపక్కల తోటలవాళ్లు కూడా కలిసి రావాలి. మీ పది గుంటల్లో ఎన్ని పెట్టినా పక్క తోటలో జత కట్టిన ఆడ పురుగు ఎగిరొచ్చి గుడ్లు పెడుతుంది. కాబట్టి ఈ సీజన్‌కు రెండు చాలు, మొక్కల తలల కంటే కొంచెం పైన ఉండేలా కట్టండి. వంగ పురుగు ఎర, టమాట కాయ తొలిచే పురుగు ఎర ఒకటి కావు, కొనేటప్పుడు వంగకని చెప్పి తీసుకోండి. నెల దాటితే ఎర మార్చాలి. బుట్టలు పనిచెయ్యవని మామయ్య అంటున్నాడంటే, ఎక్కడో ఒకరిద్దరు రైతులు తలా నాలుగు పెట్టి ఊరుకున్నది చూసి ఉంటాడు. ఆయన మాట ఆ మేరకు నిజమే.

వేప సంగతికి వస్తే, ఇది పండ్లు రాలే కాలం. ఇప్పుడే ఏరి, గుజ్జు కడిగి, గింజలు నీడన ఆరబెట్టి గోనె సంచిలో పెట్టుకోండి. బూజు పట్టినవి పనికిరావు. పది గుంటలకు 50 లీటర్ల ద్రావణం కావాలంటే రెండున్నర కిలోల గింజల పప్పును పొడి కొట్టి గుడ్డలో మూట కట్టి, ఐదు లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నే పిండి వడకట్టి, 50 గ్రాముల సబ్బు పొడి కలిపి, 50 లీటర్లు అయ్యేలా నీళ్లు పోసి ఆ సాయంత్రమే కొట్టండి. ఎండకు వేప బలం పోతుంది, అందుకే సాయంత్రం. పూత రాకముందే మొదలుపెట్టి పది రోజులకోసారి కొడుతుండాలి. వేప కొట్టగానే పురుగు రాలిపోదు. తిండి మానేస్తుంది, ఎదగదు, తల్లి పురుగు ఆ ఆకు మీద గుడ్డు పెట్టడానికి వెనకాడుతుంది. కాయలో దూరిన పురుగును వేప కూడా ఏమీ చెయ్యలేదు. ఈ మాట మామయ్యకు ముందే చెప్పండి. మర్నాడు పొద్దున్నే చచ్చిన పురుగుల కోసం వెతికి, కనపడక, "నేను చెప్పలే" అని ఆయన అనేది ఇక్కడే.

అదే కారణానికి ఇంకో జాగ్రత్త. దుకాణంలో "బయో" అని పేరు పెట్టి, రాత్రికి రాత్రే పురుగు రాలిపోతుందని ఎవరైనా సీసా ఇస్తే అనుమానించండి. రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ తేదీ, లోపల ఏముందో రాసి లేని సీసా పేరు ఎంత పచ్చగా ఉన్నా తీసుకోవద్దు.

టమాటకు మీరు పెద్దగా కష్టపడక్కర్లేదు. 16 సాళ్లకు ఒక సాలు బంతి నాటండి. బంతి నారు 45 రోజులది, టమాట నారు 25 రోజులది అయితే రెండూ ఒకేసారి పూతకొస్తాయి. కాయ తొలిచే పురుగు తల్లి బంతి పూల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. ఆ బంతి మొగ్గల్లోని పురుగులు ఏరేస్తే సరి, పూలు పండక్కి అమ్ముకోవచ్చు కూడా.

రేటు ఎక్కువొస్తుందని మాత్రం మామయ్యకు ఆశ పెట్టకండి. వంటిమామిడిలోనైనా, బోయినపల్లిలోనైనా మందు కొట్టని కాయకు వేరే కుప్ప ఉండదు, రెండూ ఒకే వేలంలో పోతాయి. మొదటి సీజన్‌లో మీకు మిగిలేది మందు ఖర్చే. నోట్‌బుక్‌లో రెండు మూడు సీజన్ల లెక్క ఉన్నప్పుడు తెలిసిన ఇళ్లకు నేరుగా ఇవ్వడం గురించి ఆలోచించొచ్చు.

ఇంట్లో కోడలి మాట ఎంతవరకు చెల్లుతుందన్న బెంగ మీ ఉత్తరంలో కనపడుతూనే ఉంది. ఒకప్పటి ఖమ్మం జిల్లాలో, పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరు ఉంది. పత్తికి, మిరపకు మందుల మీద మందులు కొట్టి అప్పుల పాలైన ఊరు. 2000 తర్వాత నాలుగైదేళ్లలోనే అది పురుగుమందులు లేని ఊరని పేరు తెచ్చుకుంది. మొదట కొందరు రైతులే దిగారు, మిగతావాళ్లు పక్కన నిలబడి చూశారు. ఊరంతా దారికి రావడంలో మహిళా సంఘాలది పెద్ద చెయ్యి. పొలంలో కూలికి వెళ్లి, మందు నీళ్లు కలిపి, ఆ బట్టలు ఉతికి అవస్థ పడ్డది ఆ ఆడవాళ్లే కదా. మీ ఊరి సంఘంలో కూడా చేతులు మండుతున్నది మీ ఒక్కరికే అయి ఉండదు. వచ్చే సమావేశంలో అడిగి చూడండి. ఇద్దరు ముగ్గురు కలిస్తే వేప గింజలు ఏరడం, పొడి కొట్టడం తేలికవుతుంది. పక్క పక్క తోటలవాళ్లైతే వచ్చే ఏడాదికి ఆ 40 బుట్టల మాట కూడా ఆలోచించొచ్చు. మీ సిద్దిపేట జిల్లా ములుగులోని ఉద్యాన విశ్వవిద్యాలయం మీకు దూరం కాదు. అక్కడికి మామయ్యను, ఆయన తోటివాళ్లలో ఇంకొకరిని కలిపి పంపండి. సాటి రైతు పక్కనుంటే ఆయన ప్రశ్నలు అడుగుతాడు. మీరు అడగమంటే మాత్రం మీ మాట వినాల్సి వస్తుందని ఊరుకుంటాడు.

చివరగా, మీరు మాటల్లో మాటగా రాసిన సంగతి ఒకటుంది. పీకిన వంగ కట్టె పెరట్లో పేర్చామన్నారు. ఆ కొమ్మల్లో, ఎండిన ఆకుల మధ్య, అంటుకుని ఉన్న కాయల్లో ఇప్పుడు పురుగులు, వాటి గూళ్లు ఉంటాయి. రెండు వారాల్లో మీరు నారు నాటే సమయానికి సరిగ్గా రెక్కలొచ్చి బయటికొస్తాయి. కొత్త తోటకు పురుగు వచ్చేది చాలాసార్లు ఇలాంటి కుప్పల నుంచే. దీనికి మామయ్యను ఒప్పించాల్సిన పని లేదు, పొయ్యి మీది, పెరడు మీదే. మిగతా కట్టెలు పక్కన పెట్టి నీళ్లు కాచడానికి రోజూ ఇవే వాడండి. మందు తాగిన కట్టె కాబట్టి బయటి పొయ్యిలోనే, వంటకు వద్దు. కిందపడ్డ ఆకూ కాయా ఊడ్చి పూడ్చేయండి. నారు నాటే రోజుకు ఇంకా మిగిలితే కుప్ప మొత్తాన్ని సన్న రంధ్రాల వలతో కప్పి, అంచుల చుట్టూ మట్టి వేసి తొక్కండి. నాలుగు రోజులయ్యాక పొద్దున్నే వెళ్లి చూస్తే వల లోపలి వైపు తెల్లటి రెక్కల పురుగులు వాలి ఉంటాయి. అప్పుడు మామయ్యను పిలవండి.